పెర్సీ స్లెడ్జ్ ఏడుస్తుంటే మనవాళ్ళు కేక్ కోశారు

నేను ఫంక్షన్లలో గొడవ పెట్టుకునే మనిషిని కాదు. బిర్యానీలో ముక్క రాకపోయినా నోరు మూసుకుని తినేసి, కవరు చేతిలో పెట్టేసి, తిట్టుకునేదేదో పార్కింగ్‌లో తిట్టుకుని ఇంటికొచ్చే టైపు. కానీ పోయిన నెల మా బాబాయి కూతురి రిసెప్షన్‌లో ఆ డీజే కుర్రాడు మైకు పట్టుకుని "ఇప్పుడు మన క్యూట్ కపుల్ కోసం, మైకేల్ బోల్టన్ సూపర్ రొమాంటిక్ సాంగ్" అని అరిచి, అమెరికా నల్లజాతి గాయకుడు పెర్సీ స్లెడ్జ్ పాట పెట్టాడు చూడండి, ఆరోజు నుంచీ నాకు తిన్నది అరగట్లేదు. పెట్టింది ఒరిజినల్ రికార్డే, చెప్పిందే ఇంకోడి పేరు. ఘంటసాల రికార్డు తిప్పి, నిన్న టీవీ షోలో ఆ పాట పాడిన బుడ్డోడి పేరు చెప్పినట్టు.

పాట మీకు తెలిసిందే, వెన్ ఏ మాన్ లవ్స్ ఏ ఉమన్. ఇంగ్లీషు పాటలు విననివాళ్ళు కూడా ఏదో ఒక పెళ్ళి వీడియోలో వినే ఉంటారు. 1966లో వచ్చింది. పాడినాయనకి అదే మొదటి రికార్డు. మొదటి పాటే అమెరికా బిల్‌బోర్డ్ చార్టులో నంబర్ వన్‌కి ఎక్కి రెండు వారాలు దిగలేదు, అంతవరకూ ఆ సీట్లో మూడు వారాలు కూర్చున్న మామాస్ అండ్ ద పాపాస్ అనే బ్యాండు వాళ్ళని లేపి మరీ కూర్చుంది. ఇంత పెద్ద హిట్టు ఎందుకైందంటే, ఒక మగాడు పబ్లిగ్గా, సిగ్గూశరం లేకుండా, మూడు నిమిషాల్లోపు గొంతు చించుకుని ఏడ్చాడు కాబట్టి. అది విరహం పాటండీ. అందులో ఉన్నది కేక్ కటింగ్ మెటీరియల్ కాదు.

ఇంతకీ స్టేజీ మీద పొగ మెషీను ఆన్ అయింది, మావాళ్ళిద్దరూ ఆ పొగలో పొట్టలదాకా మునిగి గుండ్రంగా తిరుగుతున్నారు, డ్రోను నెత్తిమీద జుయ్యిమంటోంది. నా పక్కన మా పెదనాన్న. తెనాలి వైపు కోఆపరేటివ్ బ్యాంకులో ముప్పై ఏళ్ళు అప్పులిచ్చి, వసూలు చేసి రిటైరైన మనిషి. ఇంగ్లీషు ఫారాలు చదవగలడు గానీ ఇంగ్లీషు పాట చెవికెక్కదు. నా మోచెయ్యి పొడిచాడు.

"ఏరా, ఎవడో అంతలా ఏడుస్తున్నాడు, ఏమైందిట?"

"ఏడవట్లేదు పెదనాన్నా, ప్రేమ పాట."

"ప్రేమ పాటైతే ఆ ఏడుపేంట్రా? ఏమంటున్నాడు?"

సరే, అడిగాడు కదా అని వరసగా చెప్పడం మొదలెట్టా. ప్రేమలో పడ్డ మగాడికి ఇంకో ధ్యాసే ఉండదుట అన్నా. బాగానే ఉంది అన్నాడు. ఆవిడ చెడ్డదైనా వీడి కంటికి ఆనదుట అన్నా. పెదనాన్న ఓసారి స్టేజీ మీద మా పిల్ల వైపు చూసి "ఎవర్నిరా వాడు అంటుంది?" అన్నాడు. ఆవిణ్ణి ఎవరన్నా ఒక్క మాటంటే ప్రాణ స్నేహితుడితో అయినా సరే కటీఫ్ ట అన్నా. అదే టైముకి పెళ్ళికొడుకు ఫ్రెండ్స్ ఎనిమిది మంది నల్లకళ్ళద్దాలు పెట్టుకుని స్టేజీ ఎక్కుతున్నారు, "పోతే పోనీలే, ఈ బ్యాచ్ పోవడమే మంచిది" అన్నాడు పెదనాన్న.

"ఆవిణ్ణి నిలబెట్టుకోడానికి చేతిలో ఉన్న ఆఖరి పైసా కూడా ఖర్చు పెట్టేస్తాడుట."

అంతే, ముప్పై ఏళ్ళ బ్యాంకు నిద్ర లేచింది. "ఆఖరి పైసానా? ఒరేయ్, ప్యాకేజీ ముప్పై లక్షలన్నారు, ఈఎంఐలేమన్నా దాచారా? మరి మనం ముట్టజెప్పిన లాంఛనాలు ఏమైనట్టు?"

"ఆవిడ అలాగే ఉండమంటే, ఉన్న సుఖాలన్నీ వదిలేసి వర్షంలో పడుకుంటాడుట పెదనాన్నా."

"వర్షంలోనా! నార్సింగిలో త్రీ బీహెచ్‌కే అన్నార్రా! ఇంకా తాళాలివ్వలేదా బిల్డరు?"

నేను నోరు తెరిచేలోపు స్టేజీకి అటూ ఇటూ టపటపా పైరోలు పేలాయి, కేక్ కోశారు, పెళ్ళికొడుకు క్రీము పెళ్ళికూతురి ముక్కుకి రాశాడు, నాలుగొందల మంది ఓ అని అరిచారు, సరిగ్గా అక్కడే అలబామాలో ఒక పేదవాడు తన దగ్గర ఇంక ఇవ్వడానికేమీ మిగల్లేదని చెప్పుకుంటున్నాడు. పెదనాన్న మాత్రం అరవలేదు. కాసేపు విని, "భాష తెలీదు గానీ, వీడు మాత్రం అబద్ధం ఆడట్లేదురా" అన్నాడు. ఆ హాల్లో ఆ పాట విన్నది ఆయనొక్కడే అని నా అభిప్రాయం.

నేను ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. వెళ్ళి "తమ్ముడూ, అది బోల్టన్ కాదు, పెర్సీ స్లెడ్జ్" అన్నా. ఆ కుర్రాడు హెడ్‌ఫోను ఒక చెవి మీంచి తీసి "ఎవరైతే ఏంటన్నా, వైబ్ ముఖ్యం. అయినా ఈ వెర్షన్‌లో ఎండింగ్‌లో బూరలు పిచ్ తప్పాయన్నా, నేనే కొంచెం కవర్ చేశా" అన్నాడు. కోపమొచ్చింది గానీ ఒప్పుకోక తప్పదు, వాడి చెవి మంచిదే. 1966లో న్యూయార్క్‌లో, ఈ పాటని విడుదల చేసిన అట్లాంటిక్ రికార్డ్స్ కంపెనీ పెద్దాయన జెర్రీ వెక్స్‌లర్ కూడా అచ్చం ఇదే కంప్లయింట్ చేశాడు. పాట రికార్డయింది అలబామాలో షెఫీల్డ్ అనే చిన్న ఊళ్ళో, క్విన్ ఐవీ అనే రేడియో డీజే పెట్టుకున్న చిన్న స్టూడియోలో. టేపు విని వెక్స్‌లర్, అంతా బాగుంది గానీ ఆ హార్న్స్ శ్రుతిలో లేవు, మళ్ళీ వాయించండి అన్నాడుట. వాళ్ళు పాపం బుద్ధిగా మళ్ళీ వాయించి పంపారు. తర్వాత టేపులు తారుమారై, శ్రుతి తప్పిన పాతదే మార్కెట్లోకి వెళ్ళిపోయిందనేది ఆ రికార్డు తీసినవాళ్ళు చెప్పే కథ. అదే నంబర్ వన్ అయింది. అట్లాంటిక్ కంపెనీకి మొట్టమొదటి గోల్డ్ రికార్డు (లక్షల్లో అమ్ముడైతే ఇచ్చే గుర్తింపు) కూడా అదే. ఇప్పుడైతే ఆ బూరల్ని సాఫ్ట్‌వేర్‌లో వేసి ఇస్త్రీ చేసేవాళ్ళు, పెర్సీ గొంతుక్కూడా మడత నలక్కుండా ఇంకో రెండు ఇస్త్రీలు పడేవి, మనం దాన్ని లిఫ్ట్‌లో వినేవాళ్ళం.

ఇక పొగడ్తల సంగతి. ఈ పాట మీద అప్పట్నుంచీ ఇప్పటిదాకా ఎవడు నోరు తెరిచినా ఒకటే మాట, "గుండెల్లోంచి వచ్చిందండీ." ఔను మరి, వాళ్ళకి అన్నీ గుండెల్లోంచే వస్తాయి. బీతోవెన్‌కి బుర్రలోంచి వస్తాయి, నల్లవాడికి మాత్రం గుండెల్లోంచి, లేదా పత్తి చేలోంచి వస్తాయి. పెర్సీ స్లెడ్జ్ పత్తి చేలల్లో పనిచేసిన మాట నిజమే. పాట వచ్చేనాటికి ఊరి ఆస్పత్రిలో ఆర్డర్లీ, అంటే పేషెంట్లని ఎత్తి దించి, మంచాల కింద గిన్నెలు తీసే పని. వీకెండ్ వస్తే ఎస్క్వైర్స్ అనే బ్యాండుతో తిరుగుతూ అమెరికా దక్షిణాది కాలేజీ కుర్రాళ్ల పార్టీల్లో పాడేవాడు. పగలు ఆ డ్యూటీ చేసి రాత్రి పాడి పాడి గొంతు తయారుచేసుకుంటే దాన్ని సాధన అనరు, సహజంగా వచ్చేసింది అంటారు. సహజంగా వచ్చినదానికి డబ్బులివ్వక్కర్లేదు కదా, అదీ సుఖం.

ఆ కాలేజీలు ఎలాంటివో కూడా చెప్తా. 1962లో మిసిసిపి యూనివర్సిటీలో ఒక్కటంటే ఒక్క నల్ల కుర్రాడు చేరడానికి సైన్యం దిగాల్సొచ్చింది, ఆ అల్లర్లలో ఇద్దరు చచ్చిపోయారు. 1963లో అలబామా గవర్నరు జార్జ్ వాలెస్ స్వయంగా వచ్చి యూనివర్సిటీ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. క్లాసులోకి రావాలంటే తుపాకులు కావాలి. శనివారం రాత్రి వచ్చి మా అమ్మాయిలతో మేం డాన్స్ చేసుకోడానికి పాట పాడిపోరా అంటే మాత్రం తలుపులు బార్లా తెరిచే ఉంటాయి!

అసలు కడుపు మండే చోటు ఇది కాదు, ఇంకా ఉంది. ఆ పాట రాసినవాళ్ళుగా లేబుల్ మీద ఉన్నవి రెండు పేర్లు, కాల్విన్ లూయిస్, ఆండ్రూ రైట్. ఇద్దరూ బ్యాండులో తోటివాళ్ళే, వాళ్ళని నేనేమీ అనను. ట్యూను చిన్నప్పట్నుంచీ తను కూనిరాగం తీసిందేననీ, ఆ క్రెడిట్ తనే వాళ్ళకి ఇచ్చేశాననీ పెర్సీ తర్వాత చెప్పుకొచ్చాడు. ఎంత మంచివాడో అని అందరూ ముచ్చటపడ్డారు. ముచ్చటపడండి. అమెరికాలో మామూలు రేడియోలో పాట వేస్తే రాసినవాడికీ పబ్లిషరుకీ డబ్బులొస్తాయి, పాడినవాడికి పైసా రాదు. ఇవాళ్టికీ అదే రూలు. అంటే 1966 నుంచి ఆయన 2015లో పోయేదాకా, ఆ దేశంలో ఏ మూల ఏ ఎఫ్ఎం స్టేషను ఆ గొంతుని ఎన్నిసార్లు వాడుకున్నా ఆ గొంతు ఉన్న మనిషికి దక్కింది సున్నా. యాడ్లు అమ్ముకున్నవాడికి వచ్చింది, స్టేషను ఓనరుకి వచ్చింది, కారు రేడియో చేసినవాడిక్కూడా వచ్చింది. ఆఖరి పైసా ఇచ్చేస్తానని పాడాడు కదా, నిజమే కాబోలు అనుకుని తీసేసుకున్నారు దొంగసచ్చినోళ్ళు.

1987లో ఈ పాట లీవైస్ జీన్స్ యాడ్‌లో వచ్చి బ్రిటన్‌లో మళ్ళీ చార్టెక్కి రెండో స్థానం దాకా వెళ్ళింది. ప్యాంటు మీద అంత ప్రేమ. 1991లో బోల్టన్ గారు పాడితే మళ్ళీ అమెరికాలో నంబర్ వన్, మరుసటి ఏడాది గ్రామీ అవార్డు కూడా. బాగా పాడాడు అంటారు. పాడాడు, గట్టిగా పాడాడు. వర్షంలో పడుకుంటానన్నప్పుడు ఈయన వెనకాల గొడుగు పట్టుకున్న మనిషి ఉన్నాడని మనకి వినపడుతూనే ఉంటుంది, అది వేరే విషయం.

మనం మాత్రం తక్కువ తిన్నామా అంటే, 2012లో చట్టం మార్చేదాకా మన దగ్గరా గాయకుడికి రాయల్టీ అనేది హక్కుగా లేదు. 2017లో బాలు గారు అమెరికా టూర్లో ఉంటే నా పాటలు అనుమతి లేకుండా పాడొద్దని ఇళయరాజా గారి తరఫున లీగల్ నోటీసు వెళ్ళింది, గుర్తుందా, అప్పుడు మనందరం రెండు జట్లయి వారం రోజులు వాట్సాప్‌లో కొట్టుకున్నాం. ఆ తర్వాత గోంగూర పచ్చడి రెసిపీలోకి వెళ్ళిపోయాం.

మొన్న రిసెప్షన్ హైలైట్స్ వీడియో వచ్చింది. ఫోటోగ్రాఫరు ఇంటర్నెట్‌లో ఎక్కించి లింకు ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. మిగతా అంతా బాగానే ఉంది, కేక్ దగ్గరికొచ్చేసరికి సౌండ్ లేదు. ఆ పాట హక్కులు ఫలానా కంపెనీవి కాబట్టి మ్యూట్ చేశామని కింద చిన్న అక్షరాలు. పాట ఉన్నంతసేపూ మావాళ్ళు నిశ్శబ్దంగా పొగలో తిరుగుతూనే ఉన్నారు. కెమెరా ఒకసారి మా వరస మీదికి తిరిగింది, పెదనాన్న నా చెయ్యి పట్టుకుని ఏదో గట్టిగా అడుగుతున్నాడు. బిల్డరు గురించే అయ్యుంటుంది.