స్కోర్ పెరిగింది, చెయ్యి లేవలేదు

నాన్నకి పక్షవాతం వచ్చి ఎనిమిది నెలలైంది. కుడి చెయ్యి పడిపోయింది. ఈసీఐఎల్ నుంచి పంజాగుట్ట వెళ్లి ముప్పావు గంట ఫిజియో చేయించుకుని రావడానికి సగం రోజు పోయేది. క్యాబ్ ఎక్కి దిగేసరికే ఆయన అలిసిపోయేవారు. అందుకే రెండో నెలలో ఒక క్లినిక్ వాళ్లు "ఇక రావక్కర్లేదు, ఇంట్లోనే వీఆర్ ఫిజియోథెరపీ" అనగానే మూడు నెలల ప్యాకేజీ కట్టేశాం.

వీఆర్ అంటే వర్చువల్ రియాలిటీ, కళ్ల ముందు నిజంలా కనిపించే కంప్యూటర్ లోకం. కళ్లకు హెడ్‌సెట్, చేతికి కంట్రోలర్. పట్టు లేదు కాబట్టి వేళ్ల చుట్టూ పట్టీ కట్టేవాళ్లం. ఎదురుగా పండ్ల తోట కనిపిస్తుంది, చెయ్యి చాపి పండు కోసి బుట్టలో వేయాలి. గోడ మీద వేళ్లు పాకించమంటే పదిసార్లకే "చాలమ్మా" అనే మనిషి, ఆ తోటలో అరవైసార్లు చెయ్యి చాపేవారు. జబ్బు చేశాక ఆయనలో హుషారు చూసింది అప్పుడే. మెదడు ఆ కదలికను మళ్లీ నేర్చుకోవాలంటే వందలసార్లు చేయాల్సిందే కదా, ఇంకేం కావాలి అనుకున్నాం.

స్కోర్ రోజూ పెరిగింది. భుజం మాత్రం ఎక్కడిదక్కడే. ఐదో వారం మా కాలనీలో ఉండే ఫిజియో మేడమ్ వచ్చి ఒక్క నిమిషం చూశారు. నాన్న వీపును కుర్చీకి ఆనించి, ఛాతీ చుట్టూ చున్నీ కట్టి, "ఇప్పుడు కోయండి అంకుల్" అన్నారు. చెయ్యి సగం దూరం కూడా వెళ్లలేదు. అన్నాళ్లూ ఆయన ఒళ్లంతా ముందుకు వంచి పండ్లు కోస్తున్నారు! కంట్రోలర్ పండుకు తగిలిందా లేదా, సాఫ్ట్‌వేర్‌కి కావలసింది అంతే.

క్లినిక్ నుంచి వారానికోసారి వీడియో కాల్ వచ్చేది. మాట్లాడేది కోఆర్డినేటర్. స్కోర్ చూసి "సూపర్ అంకుల్" అని పెట్టేసేవారు. ఫోన్ పక్కనుంచి పెట్టి చెయ్యి ఎలా కదులుతోందో చూపించమని ఒక్కరూ అడగలేదు. పక్షవాతం తర్వాత ఎక్కువగా కోలుకునేది మొదటి నెలల్లోనే. అందులో ఐదు వారాలు మేం తప్పు కదలికను దగ్గరుండి అలవాటు చేయించాం. ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు.

వీఆర్ బోగస్ అని మాత్రం అనను. దీర్ఘకాలిక నడుం నొప్పికి ఒక వీఆర్ చికిత్సకు మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ 2021లో అనుమతిచ్చింది. కానీ నొప్పి వేరు, పడిపోయిన చెయ్యి వేరు. పక్షవాతంలో వీఆర్ మీద జరిగిన 72 పరీక్షలను, అంటే 2,470 మంది ఫలితాలను, వైద్య పరిశోధనలను సమీక్షించే కొక్రేన్ అనే సంస్థ వాళ్లు 2017లో కలిపి చూశారు. మామూలు ఫిజియోకి బదులుగా వాడితే చేతికి అదనంగా ఒరిగింది కనబడలేదు. దానికి తోడుగా వాడి సాధన సమయం పెంచిన చోట మేలు కనబడింది. తోడుగా ఉండాల్సిన దాన్ని మాకు బదులుగా అమ్మారు.

ఎవరైనా ఇలాంటి ప్యాకేజీ కట్టేముందు, కదలికను కళ్లతో చూసే ఫిజియో ఎవరు, వారానికి ఎన్నిసార్లు చూస్తారు అని అడగండి. స్కోర్ చార్ట్ చూపిస్తే లేచి వచ్చేయండి.

హెడ్‌సెట్ ఇంకా వాడుతున్నాం. మేడమ్ వారానికి రెండుసార్లు వస్తారు, మిగతా రోజులు వీడియో కాల్‌లో పక్కనుంచి చూస్తారు. చున్నీ కట్టుకుంటే నాన్న స్కోర్ ఇరవై దాటట్లేదు, దానికి ఆయన దిగులు పడుతున్నారు. నిన్న మాత్రం కుడి చెయ్యి గడ్డం దాకా లేచింది.