మనవాళ్ళను ఆ కారులో ఒంటరిగా పంపుతామా?

జనవరిలో ఒక రాత్రి పదకొండున్నరకు మా చెల్లి ఫోన్ చేసింది. మా పిన్ని కూతురు, ఇక్కడ ఇంగ్లండ్‌లో ఎమ్మెస్ చదువుతోంది. కేర్ హోమ్‌లో పార్ట్‌టైమ్ డ్యూటీ ముగించుకునేసరికి ఆఖరి బస్సు వెళ్ళిపోయింది. యాప్‌లో టాక్సీ బుక్ చేసుకుంది. "అక్కా, ఫోన్ పెట్టెయ్యకు, ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు" అంది. గొంతు వణుకుతోంది. ఒక్కదానివే ఉంటావా, ఇంట్లో ఇంకెవరున్నారు, బాయ్‌ఫ్రెండ్ ఉన్నాడా అని డ్రైవర్ వరసగా అడిగాడట. తర్వాత మ్యాప్‌లో ఉన్న దారి వదిలేసి వేరే రోడ్డెక్కి, కాఫీ తాగి వెళ్దాం అన్నాడట. తనని స్పీకర్ పెట్టమన్నాను. నువ్వెక్కడున్నావో నా ఫోన్‌లో కనిపిస్తోంది, నేను మీ గుమ్మం ముందే నిలబడి ఉన్నాను అని అతనికి వినబడేలా ఇంగ్లిష్‌లో గట్టిగా చెప్పాను. అప్పుడు గానీ కారు మళ్ళీ దారిలోకి రాలేదు.

విన్నవాళ్ళు చాలామంది "పోనీలే, ఏమీ జరగలేదు కదా" అన్నారు. నాకు ఆ మాట మింగుడు పడలేదు. ఆ పిల్ల రెండు వారాలు డ్యూటీకి వెళ్ళలేదు. ఇప్పటికీ రాత్రి షిఫ్టు అంటే టెన్షన్ పడుతుంది.

మర్నాడు పొద్దున మా కౌన్సిల్‌కు ఫోన్ చేశాను. మన దగ్గర టాక్సీ డ్రైవర్ లైసెన్సు అనగానే ఆర్టీఏ ఆఫీసు గుర్తొస్తుంది. ఇంగ్లండ్‌లో కారు నడపడానికి లైసెన్సు వేరు, కిరాయికి జనాన్ని ఎక్కించుకోవడానికి లైసెన్సు వేరు. ఆ రెండోది ఇచ్చేది స్థానిక కౌన్సిలే, అంటే మన మున్సిపాలిటీ లాంటిది. లండన్‌లో మాత్రం ఆ పని ట్రాన్స్‌పోర్ట్ ఫర్ లండన్ చూస్తుంది. ఫోన్ ఎత్తిన ఆవిడ చాలా మర్యాదగా కారు వెనక ప్లేటు మీది నంబరు అడిగింది. చెప్పాను. "ఇది మేమిచ్చిన లైసెన్సు కాదండీ, మీరు వాళ్ళకే ఫిర్యాదు చేయాలి" అంది. ఆ కౌన్సిల్ ఉన్నది మాకు వంద మైళ్ళకు పైగా దూరంలో. ఆ డ్రైవర్ మాత్రం రాత్రీ పగలూ తిరిగేది మా ఊళ్ళోనే.

ఆ రోజు నుంచి ఈ చట్టాల గురించి కనిపించిందల్లా చదువుతున్నాను. చదివేకొద్దీ కోపం పెరుగుతోంది. ఎందుకంటే చట్టంలో ఉన్న అసలు మాట చాలా మంచిది. 1976 నాటి స్థానిక ప్రభుత్వ చట్టం ప్రకారం, దరఖాస్తు చేసిన మనిషి 'ఫిట్ అండ్ ప్రాపర్' అని, అంటే ఈ పనికి తగినవాడు, నమ్మదగినవాడు అని తనకు నమ్మకం కుదిరితే తప్ప కౌన్సిల్ లైసెన్సు ఇవ్వకూడదు. ఆ నమ్మకం ఎలా కుదరాలి? కేంద్ర రవాణా శాఖ 2020 జులైలో ఇచ్చిన ప్రమాణాల్లో దానికి ఒక ప్రశ్న ఉంది. మీకు కావలసిన మనిషి ఏ స్థితిలో ఉన్నా సరే, పగలైనా రాత్రైనా, ఈ డ్రైవర్ కారులో ఒంటరిగా పంపుతారా? ఫైలు ముందు పెట్టుకున్న అధికారి, కమిటీలో కూర్చున్న కౌన్సిలర్లు తమను తాము అడుక్కోవలసిన ప్రశ్న అది. ఏ సందేహమైనా మిగిలితే దాని లాభం దరఖాస్తుదారుడికి దక్కకూడదని కూడా అందులోనే ఉంది. లైంగిక నేరంలో శిక్ష పడిన మనిషికి లైసెన్సు ఇవ్వకూడదు. హింస కేసులో శిక్ష పడితే, శిక్షాకాలం పూర్తయ్యాక కనీసం 10 ఏళ్ళు గడవాలి. తాగి నడిపి శిక్ష పడితే 7 ఏళ్ళు. లైసెన్సు ఇచ్చాక కూడా ఆరు నెలలకోసారి నేర రికార్డు చూడాలి.

ఇది రాసినవాళ్ళకు చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. హైదరాబాద్‌లో 2013 అక్టోబర్‌లో మాదాపూర్ దగ్గర క్యాబ్ అనుకుని ఎక్కిన సాఫ్ట్‌వేర్ అమ్మాయికి ఏం జరిగిందో మనలో ఎవరూ మరిచిపోలేదు. అప్పుడు మా అమ్మ నాకు రోజూ రాత్రి తొమ్మిదికి ఫోన్ చేసేది. ఆడపిల్లను బయటికి పంపిన ప్రతి ఇంట్లోనూ ఉండే భయాన్ని ఒక ప్రభుత్వం నిబంధనగా రాసి పెట్టింది.

కానీ లొసుగు ఇంకోచోట ఉంది. యాప్‌లోనో ఫోన్‌లోనో బుక్ చేసుకునే కార్లను ఇక్కడ ప్రైవేట్ హైర్ అంటారు. డ్రైవర్‌కు, కారుకు, బుకింగ్ తీసుకునే కంపెనీకి, మూడింటికీ ఒకే కౌన్సిల్ లైసెన్సు ఉండాలి. ఉంటే చాలు, ఆ కారు ఇంగ్లండ్‌లో ఎక్కడైనా తిరగొచ్చు. 2015లో వచ్చిన ఇంకో చట్టం ఒక కంపెనీ తన బుకింగ్‌ను వేరే ఊరి కంపెనీకి అప్పగించడాన్ని తేలిక చేసింది. దాంతో ఎక్కడ ఫీజు తక్కువ, ఎక్కడ లైసెన్సు త్వరగా వస్తుంది అని చూసుకుని అక్కడ తీసుకోవడం మామూలైపోయింది. అందరూ చెప్పే ఉదాహరణ మధ్య ఇంగ్లండ్‌లోని వుల్వర్‌హాంప్టన్ నగరం. మా చెల్లి ఎక్కిన కారు ఆ ఊరిది కాదని ముందే చెబుతున్నాను. అక్కడ లైసెన్సు తీసుకుని, ఆ ఊళ్ళో ఉండకుండా, వేరే నగరాల్లో నడిపేవాళ్ళు వేలల్లో ఉన్నారు. మేం డ్రైవర్ల రికార్డు రోజూ సరిచూస్తాం, మా అధికారులను వేరే ఊళ్ళకూ పంపి తనిఖీ చేయిస్తాం అని ఆ కౌన్సిల్ అంటుంది. చేస్తున్నారనే అనుకుందాం. అయినా నేరాల రికార్డులో లేని సంగతులు ఎన్నో ఉంటాయి. ఫలానా డ్రైవర్ బడిపిల్లలతో అతిగా మాట్లాడతాడని, ఫలానావాడి మీద ఇది మూడో ఫిర్యాదు అని తెలిసేది అతను తిరిగే ఊళ్ళోనే. అక్కడి తనిఖీ అధికారికి మాత్రం వేరే కౌన్సిల్ బ్యాడ్జి వేసుకున్న డ్రైవర్ మీద చర్య తీసుకునే అధికారం లేదు.

ఉత్తర ఇంగ్లండ్‌లోని రాథరమ్ అనే ఊరి గురించి రాయకుండా ఈ విషయం మాట్లాడలేం. 1997 నుంచి 2013 దాకా ఆ ఒక్క ఊళ్ళో సుమారు 1,400 మంది పిల్లలు లైంగిక దోపిడీకి గురయ్యారని 2014 ఆగస్టులో ప్రొఫెసర్ అలెక్సిస్ జే స్వతంత్ర విచారణ నివేదిక అంచనా వేసింది. అది తగ్గించి వేసిన లెక్కేనని కూడా చెప్పింది. ఇలాంటి కేసుల్లో టాక్సీ డ్రైవర్ల పాత్ర చాలా ఊళ్ళలో కనిపించిందని ఆమె రాశారు. ఆ కౌన్సిల్ పనితీరు చూడమని ప్రభుత్వం పంపిన లూయీజ్ కేసీ తనిఖీ నివేదిక 2015 ఫిబ్రవరిలో వచ్చింది. తగినవాళ్ళకే టాక్సీ లైసెన్సు దక్కేలా ఆ కౌన్సిల్ చూసుకోలేదని అందులో తేల్చారు. ఆ తర్వాత అక్కడ టాక్సీల్లో కెమెరాలు తప్పనిసరి చేశారు.

ఆ నివేదికలు చదువుతుంటే దక్షిణాసియా మనిషిగా నాకు కష్టంగా అనిపించింది. రాథరమ్‌లో నిందితుల్లో ఎక్కువమంది పాకిస్తానీ మూలాలవాళ్ళు. జాత్యహంకారం అంటగడతారేమోనని కొందరు అధికారులు నోరు మెదపలేదని ఆ నివేదికల్లోనే ఉంది. ఆ మౌనానికి మూల్యం చెల్లించింది పిల్లలు. ఇప్పుడేమో అదే విషయాన్ని పట్టుకుని గోధుమ రంగు డ్రైవర్ కనబడితే చాలు నేరస్థుడన్నట్టు మాట్లాడేవాళ్ళు తయారయ్యారు. ఈ రెండూ నాకు సమ్మతం కాదు. ఒక్కొక్క మనిషినీ విడిగా, నిష్పక్షపాతంగా చూడమనే కదా చట్టం చెప్పేది. ఆ పని సరిగ్గా జరిగితే ఈ రెండు గోలలకూ చోటుండదు.

మా వీధి చివర ఒక పెద్దాయన ఉన్నారు. లాహోర్ దగ్గరి కుటుంబం, ఇరవై ఏళ్ళుగా ఇక్కడే టాక్సీ నడుపుతున్నారు. మా నాన్నగారికి గుండె నొప్పి వచ్చిన రోజు హాస్పిటల్‌కు తీసుకెళ్ళి, డబ్బు తీసుకోకుండా వెళ్ళిపోయారు. నేను చెల్లి సంగతి చెబితే ఆయనకు నాకంటే ఎక్కువ కోపం వచ్చింది. ఈ ఊరి రోడ్ల పరీక్ష, పిల్లల రక్షణ మీద శిక్షణ, డాక్టర్ సర్టిఫికెట్ అన్నీ పూర్తిచేసి బ్యాడ్జి తెచ్చుకున్నానని, ఇవేవీ లేకుండా బయటినుంచి వచ్చినవాడు నా పక్కనే నిలబడి బేరాలు పట్టుకుపోతున్నాడని అన్నారు. వాడు చేసిన పనికి జనం నన్ను అనుమానంగా చూస్తారు అన్నారు. మంచి డ్రైవర్లకు ఈ కట్టుదిట్టం భారమని వాదించేవాళ్ళు ఒకసారి ఆయనతో మాట్లాడాలి.

డ్రైవర్ బతుకుతెరువు సంగతేంటని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అబద్ధపు ఫిర్యాదులు కూడా వస్తాయి. అందుకే అతని మాట వినాలి, కారణాలు రాసి ఇవ్వాలి, నెలల తరబడి నాన్చకూడదు. నిర్ణయం నచ్చకపోతే 21 రోజుల్లో మేజిస్ట్రేట్ కోర్టులో అప్పీలు చేసుకునే హక్కు అతనికి ఉంది, ఉండాలి కూడా. కానీ లైసెన్సు పోతే ఇల్లు ఎలా గడుస్తుందన్నది కౌన్సిల్ చూడాల్సిన విషయం కాదని 2002లో లీడ్స్ కేసులో హైకోర్టు చెప్పింది. వినడానికి కటువుగా ఉంటుంది. నాకు సరైనదే అనిపిస్తుంది. ఆ కారులో వెనక సీట్లో కూర్చునేది తాగి తూలుతున్న కుర్రాడు కావచ్చు, కౌన్సిల్ డబ్బు కట్టి బడికి పంపే మాటలు రాని పిల్ల కావచ్చు, డయాలిసిస్ నుంచి వస్తున్న ముసలాయన కావచ్చు. తలుపు మూసుకున్నాక వాళ్ళకు దిక్కు ఆ డ్రైవరే.

కొన్ని మార్పులు వచ్చాయి, కాదనను. ఒకచోట లైసెన్సు రద్దయినవాడు ఆ సంగతి దాచి పక్క ఊళ్ళో తీసుకోకుండా, 2022 చట్టం కింద అలాంటి పేర్లన్నీ ఒకే జాతీయ జాబితాలో నమోదు చేయాలి. వేరే కౌన్సిల్ డ్రైవర్ మీద తీవ్రమైన అనుమానం కలిగితే 10 పనిదినాల్లో ఆ కౌన్సిల్‌కు తెలియజేయాలి. ఈ నియమం ఫోన్‌లో మాట్లాడిన ఆవిడకు తెలుసో లేదో గానీ, నాకు మాత్రం చెప్పలేదు. 2025 జూన్‌లో లూయీజ్ కేసీయే చేసిన జాతీయ ఆడిట్‌లో ఈ బయటి ఊరి టాక్సీల లొసుగు మూయాలని మళ్ళీ రాశారు. ప్రభుత్వం ఆమె 12 సిఫార్సులనూ ఒప్పుకుంది.

నాకు కావలసింది చాలా చిన్నది. డ్రైవర్ ఏ ఊళ్ళో నడుపుతాడో ఆ ఊరి కౌన్సిలే లైసెన్సు ఇవ్వాలి, ఆ కౌన్సిలే జవాబు చెప్పాలి. అది జరిగేదాకా కనీసం ఎక్కడి డ్రైవర్‌నైనా ఆపి తనిఖీ చేసే అధికారం స్థానిక అధికారికి ఇవ్వాలి.

ఇక్కడికి చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలకు ఒక మాట. ఎక్కేముందు కారు వెనక ప్లేటు ఫొటో తీసుకోండి, డ్రైవర్ బ్యాడ్జి చూడండి, ప్లేటు మీద ఏ కౌన్సిల్ పేరుందో చదవండి. ఏదైనా తేడాగా అనిపిస్తే యాప్‌లో ఒక స్టార్ ఇచ్చి ఊరుకోవద్దు. లైసెన్సు ఇచ్చిన కౌన్సిల్‌కు, మీ ఊరి కౌన్సిల్‌కు, ఇద్దరికీ రాతపూర్వకంగా పంపండి. భయం వేస్తే వెంటనే పోలీసుల అత్యవసర నంబరు 999కి ఫోన్ చేయండి. వీసాకు ఏమైనా అవుతుందేమోనని చాలామంది వెనకాడుతున్నారు. ఫిర్యాదు చేసినందుకు వీసా పోదు.

మా చెల్లి ఫిర్యాదు రెండుచోట్లకూ పంపాం. ఒకచోటి నుంచి అందిందని మెయిల్ వచ్చింది. రెండోచోటి నుంచి ఇంకా ఏమీ రాలేదు. ఈ సోమవారం మా వార్డు కౌన్సిలర్‌ను కలవడానికి టైమ్ తీసుకున్నాను. చెల్లి కూడా వస్తానంది.