నగరం అద్దె వేరు, కొత్తగా వెళ్లినవాళ్లు కట్టే అద్దె వేరు

విదేశీ ఉద్యోగం ఆఫర్ చేతికి రాగానే చాలామంది నంబియో లాంటి సైటు తెరుస్తారు. ఉంటున్న నగరం, వెళ్లబోయే నగరం పేర్లు కొట్టి అద్దెల్లో ఎంత తేడానో చూసుకుంటారు. న్యూయార్క్‌ను 100గా పెట్టుకుని మిగతా నగరాలకు సూచీ ఇచ్చే సైటది. అందులోని వివరాలు చాలావరకు చూసేవాళ్లు నింపినవే. ఏ నగరం ఖరీదో, ఏది కాస్త నయమో స్థూలంగా తెలుస్తుంది. దాన్నే నమ్ముకుని జీతం మాట్లాడుకోవడానికి కూర్చుంటేనే చిక్కు.

నగరం సగటు అద్దెలో రెండు రకాల జనం కలిసిపోతారు. ఏళ్ల తరబడి ఒకే ఇంట్లో ఉంటున్నవాళ్లు కొందరు, ఈ నెలలో ఇల్లు వెతుక్కుంటున్నవాళ్లు కొందరు. అద్దెల మీద చట్టం అదుపు ఉన్నచోట ఈ ఇద్దరూ కట్టే డబ్బులో పొంతనే ఉండదు. టొరంటో సంగతే చూడండి. ఇంట్లో ఉన్నవాళ్లకు ఏటా ఎంతవరకు పెంచవచ్చో ఆ నగరం ఉన్న అంటారియో రాష్ట్ర ప్రభుత్వం చెబుతుంది. వాళ్లు ఖాళీ చేశాక మాత్రం కొత్తగా వచ్చేవాళ్లకు ఓనర్ తనకు తోచినంత చెప్పుకోవచ్చు. 2018 నవంబర్ 15 తర్వాత తొలిసారి జనం చేరిన ఇళ్లకైతే ఆ ఏటా పరిమితి కూడా లేదు. స్టాక్‌హోమ్‌లో తేడా ఇంకో రకం. అక్కడ నేరుగా ఓనర్ నుంచి దొరికే ఇళ్ల అద్దె సంప్రదింపుల్లో ఖరారవుతుంది, తక్కువగానే ఉంటుంది. కానీ అలాంటి ఇల్లు కావాలంటే క్యూలో పేరు రాయించుకోవాలి. నగరం నడిబొడ్డున అయితే పదేళ్లకు పైగా ఆగాల్సి రావచ్చు. వచ్చే నెల ఉద్యోగంలో చేరేవాళ్లకు మిగిలేది, ఇప్పటికే అద్దెకున్నవాళ్లు తిరిగి అద్దెకిచ్చే ఇల్లే. దాని రేటు వేరు. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు గానీ, అద్దెల విషయంలో చెవులదే పైచేయి.

కాబట్టి సగటును పక్కన పెట్టి, ఈ వారం ఖాళీగా ఉన్న ఇళ్ల ప్రకటనలు ఓ ఇరవై చూడటం మేలు. అప్పుడు రెండో చిక్కు ఎదురవుతుంది. ప్రకటనలో కనిపించే అద్దెలో ఏమేం కలిసున్నాయన్నది ఊరిని బట్టి మారిపోతుంది.

జర్మనీలో పెద్ద అక్షరాల్లో కనిపించేది తరచూ కాల్ట్‌మీటె, అంటే హీటింగ్, నీళ్లు, చెత్త, బిల్డింగ్ ఖర్చులు లేని అద్దె. అవన్నీ కలిపితే వార్మ్‌మీటె. కరెంటు, ఇంటర్నెట్ మళ్లీ విడిగా మనమే చూసుకోవాలి. హీటింగ్‌కు నెలనెలా కట్టేది అంచనా మాత్రమే, ఏడాది తిరిగాక లెక్క చూసి తక్కువైతే మళ్లీ కట్టమంటారు. పైగా చాలా ఇళ్లలో వంటగది ఖాళీగా ఉంటుంది. సింకు, స్టవ్వు, అల్మరాలు కూడా ఉండవు. పాతవాళ్లు వదిలి వెళ్లే కిచెన్‌ను కొనుక్కోవాలి, లేదంటే కొత్తది బిగించుకోవాలి. డిపాజిట్ మూడు నెలల కాల్ట్‌మీటె దాటకూడదని చట్టం. దాన్ని మూడు వాయిదాల్లో కట్టుకునే హక్కు కూడా ఉంది. కొత్తగా వెళ్లినవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు.

లండన్‌లో, సిడ్నీలో వారం అద్దె చెప్పడం మామూలే. వారానికి 400 పౌండ్లంటే నాలుగుతో గుణించి నెలకు 1,600 అనుకుంటాం. ఏడాదికి 52 వారాలు కదా, నెలకు 1,733 పడుతుంది. లండన్‌లో స్థానిక సంస్థకు కట్టే కౌన్సిల్ ట్యాక్స్ దానికి అదనం. దుబాయ్‌లో ప్రకటనలు ఏడాది అద్దె చెబుతాయి, చెల్లింపు కొన్ని చెక్కుల్లో ఉంటుంది. చెక్కులు తక్కువైతే బేరానికి వీలెక్కువ. అంటే చేతిలో డబ్బున్నవాళ్లకే తక్కువ అద్దె. ఏడాది అద్దెలో 5 శాతం హౌసింగ్ ఫీజు కరెంటు, నీళ్ల బిల్లులో కలిసి వస్తుంది. టోక్యోలో చాలా ఇళ్లకు ఓనర్‌కు ఇచ్చే తిరిగిరాని కానుక సొమ్ము, ఏజెంట్ కమీషన్, హామీ కంపెనీ ఫీజు ఉంటాయి. తాళం చేతికి వచ్చేలోపు కొన్ని నెలల అద్దె అయిపోతుంది.

ఇక డబ్బున్నా ఇల్లు దొరకని పరిస్థితి ఒకటుంది. న్యూయార్క్‌లో చాలామంది ఓనర్లు నెల అద్దెకు 40 రెట్లు వార్షిక ఆదాయం అడుగుతారు. 3,000 డాలర్ల ఇంటికి 1,20,000 డాలర్ల జీతం చూపించాలి. ఆ పైన క్రెడిట్ హిస్టరీ. నిన్నగాక మొన్న దిగినవాళ్లకు అది ఎక్కడిది? హామీదారును వెతుక్కోవాలి, లేదా హామీ ఇచ్చే కంపెనీకి ఫీజు కట్టాలి. ఏ పోలిక పట్టికలోనూ ఈ ఖర్చుకు గడి ఉండదు.

అందుకే ఆఫర్ మాట్లాడేటప్పుడు జీతం ఇంకొంచెం పెంచమని పట్టుబట్టడం కన్నా మూడు విషయాలు అడగడం లాభమని నా అభిప్రాయం. మొదటి ఆరు వారాల బస, డిపాజిట్‌కు వడ్డీ లేని అడ్వాన్సు, ఓనర్‌కు చూపించడానికి కంపెనీ హామీ ఉత్తరం. హెచ్ఆర్ వాళ్లు జీతం దగ్గర బిగుసుకుపోతారు గానీ, రీలొకేషన్ ఖర్చుల దగ్గర కాస్త చెయ్యి వదులుతారు. పైగా ఆ ఆరు వారాలు చేతిలో ఉంటే, చూడని ఇంటికి దూరం నుంచే డబ్బు పంపాల్సిన టెన్షన్ ఉండదు.