‘చూపు లేనివాళ్లకు నక్షత్రాల ఫొటోలెందుకు?’ అన్న ఫార్వర్డ్‌కు జవాబు

విజయవాడ వాట్సాప్ గ్రూపుల్లో ఓ మెసేజ్ తెగ తిరుగుతోంది. అంతరిక్ష చిత్రాలను ఉబ్బెత్తు బొమ్మలుగా చేసి అంధుల చేత వేళ్లతో తడిమించడం ఉత్త ప్రచారమట. ఖగోళం కళ్లున్నవాళ్ల శాస్త్రమట, రంగులు పోతే ఫొటోలో ఏమీ మిగలదట, పైగా లక్షల ఖర్చట, నోటితో వర్ణిస్తే చాలదా అట. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో దీనికి పడిన దండాల ఎమోజీలు చూశాక ఊరుకోలేకపోయాను.

కళ్లున్నవాళ్ల శాస్త్రమా? 2019 ఏప్రిల్‌లో విడుదలైన ఎం87 అనే గెలాక్సీలోని కృష్ణబిలం (బ్లాక్ హోల్) చిత్రాన్నే తీసుకోండి. కంటికి కనిపించని 1.3 మిల్లీమీటర్ల రేడియో తరంగాలను భూమ్మీద పలుచోట్ల ఉన్న టెలిస్కోపులు పట్టుకుంటే, కంప్యూటర్లు లెక్కగట్టి బొమ్మ చేశాయి. ఆ నారింజ రంగు మనుషులు ఎంచుకున్నదే. నాసావారి ‘చంద్ర’ అనే అంతరిక్ష టెలిస్కోపు పట్టేది ఎక్స్ కిరణాలను, అవీ కంటికి కనిపించవు. టెలిస్కోపు ఇచ్చే అంకెలను మనం రంగులుగా మార్చుకుంటున్నాం. ఎత్తుపల్లాలుగా మారిస్తే తప్పేంటి? బ్రిటన్‌లో పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయంవారి టాక్టైల్ యూనివర్స్ ప్రాజెక్టు చేసేది అదే. గెలాక్సీలో వెలుగు ఎక్కువున్న చోట త్రీడీ ప్రింట్ ఎత్తుగా వస్తుంది. దానికి నాయకత్వం వహించిన నిక్ బోన్ దృష్టిలోపం ఉన్న ఖగోళ శాస్త్రవేత్త. ప్యూర్టోరికోకు చెందిన వాండా డియాజ్ మెర్సెడ్ చూపు పోయాక డేటాను ధ్వనిగా మార్చి పరిశోధన చేశారు. కళ్లున్నవాళ్ల శాస్త్రమని వీళ్లకెవరు చెబుతారో!

రంగు వేలికి తగలదు, నిజమే. కానీ హబుల్ అంతరిక్ష టెలిస్కోపు 1995లో తీసిన గరుడ నీహారిక (ఈగిల్ నెబ్యులా)లోని వాయువు, ధూళి స్తంభాల చిత్రంలో ఆకుపచ్చ హైడ్రోజన్‌కు, ఎరుపు గంధకానికి, నీలం ఆక్సిజన్‌కు గుర్తు. అంటే రంగు అక్కడ ఒక లేబుల్. ఆ లేబుల్ చుక్కలైనా, గీతలైనా, గరుకైనా కావచ్చు.

అసలు పట్టుకోవాల్సిన లోపాన్ని మెసేజ్ రాసినాయన వదిలేశారు. ఫొటోను ఉన్నదున్నట్టు ఉబ్బెత్తుగా అచ్చు వేస్తే అంతా గందరగోళమే. బ్రెయిలీ అక్షరంలో చుక్కకూ చుక్కకూ మధ్యే దాదాపు 2.5 మిల్లీమీటర్లు ఉంటుంది. మరీ సన్నని వివరాలు వేలి కింద కలిసిపోతాయి. అందుకే వెనకున్న చిన్న నక్షత్రాలు తీసేయాలి, ఒక్క బొమ్మను రెండు మూడు షీట్లుగా విడగొట్టాలి. ఈ పని చేయకుండా త్రీడీ ప్రింటర్ కొనేసి ఫొటోలు దిగేవాళ్లను ‘ప్రచారం’ అని తిడితే నేనూ గొంతు కలుపుతాను.

ఖర్చు సంగతా? రబ్బరు షీటు మీద దళసరి కాగితం పరిచి, దర్జీల ట్రేసింగ్ వీల్‌తో వెనకవైపు నుంచి గీస్తే ముందు చుక్కల గీత లేస్తుంది. బొమ్మను అద్దంలోలా తిరగేసి గీయాలి, అంతే. పక్కనే కొండపల్లి ఉంది. రంపపు పొట్టు, చింతపిక్కల పిండి కలిపిన మక్కుతో బొమ్మలకు చేతులూ కాళ్లూ అతికించేవాళ్లకు చెక్క మీద ఓ గెలాక్సీని ఉబ్బెత్తుగా తేవడం ఎంత పని?

వర్ణన కూడా కావాలి, వద్దనను. ఆ స్తంభాల్లో పెద్దది నాలుగైదు కాంతి సంవత్సరాల పొడవని వేళ్లకు తెలియదు. కళ్లకూ తెలియదనుకోండి.