తీగ లాగితే మెంఫిస్ కదిలింది

ఎలాన్ మస్క్ వాక్ స్వాతంత్ర్య వీరుడా, పచ్చి కపటుడా అనే తగవు మీద నాకు విసుగు పుట్టి చాలా కాలమైంది. తన విమానం ఎక్కడుందో చెప్పే ఖాతాను కూడా తీసెయ్యనని 2022 నవంబర్‌లో చాటింపు వేసుకుని, డిసెంబర్‌లో ఆ ఖాతాతో పాటు దాని గురించి రాసిన విలేకరుల ఖాతాలనూ ఆపేసిన మనిషి సంగతిలో ఇంకా ఎవరికైనా సందేహాలుంటే ఉండనిద్దాం. నేను చెప్పదలచింది వేరు. మాట గురించి, ఏఐ గురించి, కరెంటు గురించి మస్క్ చెప్పేవాటిని మనం మూడు వేర్వేరు పేజీల్లో చదువుతున్నాం. మొదటిది రాజకీయాల పేజీలో, రెండోది టెక్నాలజీ పేజీలో, మూడోది బిజినెస్ పేజీలో. ఉన్నది ఒకటే తీగ. లాగి చూస్తే కదిలే డొంక అమెరికాలో, టెనెసీ రాష్ట్రంలోని మెంఫిస్ నగరానికి నైరుతి అంచున ఉంది.

ముందు మాట సంగతి. ట్విట్టర్‌ను 4,400 కోట్ల డాలర్లకు కొంటున్నప్పుడు అది ప్రపంచానికి డిజిటల్ రచ్చబండ అన్నాడు. స్వేచ్ఛ అంటే తన ఉద్దేశం చట్టం ఎంతవరకు ఒప్పుకుంటే అంతవరకు అని 2022 ఏప్రిల్‌లోనే నిర్వచనం ఇచ్చాడు. వినడానికి బాగానే ఉంటుంది. చట్టం ఎవరు రాస్తారన్నదే అందులో లేదు. 2023 మేలో టర్కీ ఎన్నికలకు ఒక్క రోజు ముందు అక్కడ కొన్ని పోస్టులు కనబడకుండా పోయాయి. భారత్‌లో ప్రధాని మోదీ మీద బీబీసీ తీసిన డాక్యుమెంటరీ లింకులు తొలగించడం గురించి అడిగితే, మా ఉద్యోగులు జైలుకు వెళ్లడం కంటే చట్టాన్ని పాటించడమే మేలని జవాబిచ్చాడు. ఇదంతా పాత కథే. దాని మీద ఇంకో పేరా ఖర్చు చెయ్యను.

అంతకంటే పెద్ద మార్పు చడీచప్పుడు లేకుండా జరిగింది. 2023 జూలైలో ఎక్స్‌ఏఐ అనే కంపెనీని ప్రకటించాడు. 2024లో వినియోగదారుల పోస్టులతో దాని చాట్‌బాట్ గ్రోక్‌కు శిక్షణ ఇవ్వడానికి వీలుగా ఒక సెట్టింగు, ఎవరినీ అడక్కుండానే ‘ఆన్’ అయి ఉన్నట్టు బయటపడింది. ఐర్లండ్ డేటా రక్షణ సంస్థ కోర్టుకెక్కాకే యూరప్ వాసుల పోస్టులను వాడటం ఆపేందుకు కంపెనీ ఒప్పుకుంది. 2025 మార్చిలో ఎక్స్ (ట్విట్టర్‌కు ఆయన పెట్టిన కొత్త పేరు) మొత్తంగా ఎక్స్‌ఏఐలో కలిసిపోయింది. రచ్చబండ అని చెప్పి కొన్నది గాదెగా మారింది. అక్కడ మనం పడే తిట్లు, వేసే జోకులు, పెట్టే కన్నీళ్లు అన్నీ అందులో పోసిన గింజలే. ‘స్వేచ్ఛగా మాట్లాడండి’ అనే పిలుపు ఇప్పుడు నా చెవికి ‘ఇంకా తెచ్చి పొయ్యండి’ అన్నట్టే వినిపిస్తుంది.

ఏఐ మీద ఆయన భయాలు అందరికీ తెలిసినవే. ఏఐతో మనం దెయ్యాన్ని పిలుస్తున్నామని 2014లోనే హెచ్చరించాడు. 2015లో, తర్వాత చాట్‌జీపీటీని తెచ్చిన ఓపెన్‌ఏఐ వ్యవస్థాపకుల్లో ఒకడయ్యాడు, 2018లో దాని బోర్డు నుంచి తప్పుకున్నాడు. ఓపెన్‌ఏఐ వారి జీపీటీ-4ను మించిన ఏఐ మోడళ్ల శిక్షణను ఆరు నెలలు ఆపాలన్న బహిరంగ లేఖ మీద 2023 మార్చిలో సంతకం పెట్టాడు. అదే మార్చిలో నెవాడాలో తన సొంత దెయ్యానికి, అంటే ఎక్స్‌ఏఐకి, కంపెనీ రిజిస్టర్ చేయించాడు. సత్యాన్వేషణే దాని ధ్యేయమన్నాడు. 2025 మేలో గ్రోక్ ఏం అడిగినా దక్షిణాఫ్రికా తెల్లవాళ్ల మీద ‘జాతి హననం’ గురించి మాట్లాడటం మొదలుపెట్టింది. ఎవరో అనుమతి లేకుండా దాని సూచనలు మార్చారని కంపెనీ సంజాయిషీ ఇచ్చింది. జూలైలో అదే గ్రోక్ హిట్లర్‌ను పొగిడింది, కంపెనీ క్షమాపణ చెప్పింది. ఒక్క వాక్యం మారిస్తే కోట్లమంది ముందు నాలుక తిరగబడే యంత్రాన్ని సత్యవంతుడని పిలవడానికి చాలా ధైర్యం కావాలి.

కరెంటు దగ్గరికి వచ్చేసరికి మాత్రం మస్క్‌కు ఇవ్వాల్సిన మర్యాద ఇవ్వాలి. తవ్వి తగలబెట్టే ఆర్థిక వ్యవస్థ నుంచి సౌర విద్యుత్తు వైపు ప్రపంచాన్ని నడిపించడమే టెస్లా లక్ష్యమని 2006లో రాసిన మనిషి ఆయన. దక్షిణ ఆస్ట్రేలియాలో 100 రోజుల్లో బ్యాటరీ కేంద్రం కట్టకపోతే డబ్బులొద్దని 2017లో పందెం కాసి నెగ్గాడు. ట్రంప్ పారిస్ ఒప్పందం నుంచి తప్పుకుంటే అదే ఏడాది ఆయన సలహా మండళ్ల నుంచి బయటికి నడిచాడు. ఏఐకి చిప్‌ల తర్వాత కరువొచ్చేది ట్రాన్స్‌ఫార్మర్లకు, ఆ తర్వాత కరెంటుకే అని 2024 మొదట్లో చెప్పినప్పుడు కూడా ఆయన లెక్క తప్పలేదు. అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనాలో 2024లో ప్రపంచ డేటా సెంటర్లు వాడుకున్నది సుమారు 41,500 కోట్ల యూనిట్లు. 2030 నాటికి ఇది 94,500 కోట్లకు చేరుతుందట. కరువు వస్తుందని అందరికంటే ముందు పసిగట్టిన మనిషి ఏం చేశాడు? సౌర ఫలకాలు పరిచాడా? సొంత బ్యాటరీలనే నమ్ముకున్నాడా?

మెంఫిస్‌లో ఎలక్ట్రోలక్స్ వదిలేసి వెళ్లిన ఫ్యాక్టరీ ఒకటుంది. 2024లో దాన్ని తీసుకుని, 122 రోజుల్లో లక్ష ఎన్విడియా జీపీయూలతో (ఏఐ లెక్కలు చేసే చిప్‌లు) ‘కొలోసస్’ అనే సూపర్ కంప్యూటర్‌ను నిలబెట్టారు. నగర కౌన్సిల్ సభ్యుల్లో కొందరికి ఈ సంగతి ప్రకటన వచ్చాకే తెలిసింది. దానికి కావలసినంత కరెంటు అక్కడి లైన్లలో లేదు. 150 మెగావాట్లు ఇచ్చేందుకు అక్కడి ప్రభుత్వ విద్యుత్ సంస్థ టెనెసీ వ్యాలీ అథారిటీ బోర్డు 2024 నవంబర్‌లో గానీ ఒప్పుకోలేదు. అందాకా ఆగడం మస్క్ స్వభావంలో లేదు. సహజవాయువుతో నడిచే టర్బైన్లను ట్రక్కుల మీద తెచ్చి దింపారు. ఒక దశలో 35 దాకా ఉన్నట్టు పర్యావరణ న్యాయవాదుల సంస్థ తీయించిన విమాన ఫొటోల్లో తేలింది. వాటికి గాలి కాలుష్య అనుమతి లేదు. ఏడాది లోపు ఉండే తాత్కాలిక యంత్రాలు కనుక అనుమతి అక్కర్లేదన్నది కంపెనీ వైపు వాదన. బ్యాటరీలూ వచ్చాయి, కాదనను, కానీ మంట మంటే.

దగ్గర్లోనే బాక్స్‌టౌన్ ఉంది. బానిసత్వం నుంచి విడుదలైన నల్లజాతి కుటుంబాలు పాత రైలు పెట్టెల చెక్కలతో ఇళ్లు కట్టుకున్న చోటు కాబట్టి ఆ పేరు. చుట్టూ ఇప్పటికే చమురు శుద్ధి కర్మాగారం, విద్యుత్ కేంద్రం, ఉక్కు మిల్లు. తమ పేట మీదుగా వేయబోయిన బైహేలియా ముడిచమురు పైప్‌లైన్‌ను 2021లో పోరాడి ఆపిన జనం వాళ్లు. ఆ పోరాటానికి ముందు నిలిచిన కుర్రాడు జస్టిన్ పియర్సన్ తర్వాత రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యాడు. తుపాకీ హింస మీద సభలో గొంతెత్తినందుకు 2023 ఏప్రిల్‌లో సభ అతన్ని బహిష్కరించింది. వారం తిరక్కుండా కౌంటీ కమిషనర్లు మళ్లీ అదే సీటుకు పంపారు. ఇప్పుడు ఈ టర్బైన్ల మీద పోరాడుతున్నదీ అతనే. అమెరికాలో వాక్ స్వాతంత్ర్యం బతికుందో లేదో తేల్చడానికి ఎవరి ట్వీటు తీసేశారో లెక్కపెట్టే వ్యాఖ్యాతలు ఒక్కసారి ఇతని కథ చదవాలి.

ఎందుకంటే అనుమతి అన్నది ఆఫీసు ముద్ర ఒక్కటే కాదు. నోటీసు వెయ్యాలి, అభ్యంతరాలు అడగాలి, బహిరంగ విచారణ పెట్టాలి. ఊపిరాడని పిల్లాడి తల్లి చెప్పిన మాట రికార్డులోకి ఎక్కి, అధికారి దానికి జవాబు రాయాల్సి వచ్చే చోటు అదొక్కటే. ట్వీటుకు ఎవరూ జవాబు ఇవ్వక్కర్లేదు, దీనికి ఇవ్వాలి. టర్బైన్లు ముందు తిప్పేసి అనుమతి తర్వాత అడగడమంటే ఆ మాటకున్న బరువును తీసెయ్యడమే. ఎక్స్‌లో ఎవరి ఖాతాను ఆపేసినా ఇంతకంటే పెద్ద సెన్సార్‌షిప్ జరగలేదని నా వాదన.

మస్క్ తరఫున చెప్పేవాళ్లు లేకపోలేదు. బ్రెజిల్ సుప్రీంకోర్టు న్యాయమూర్తితో 2024లో తలపడి ఆ దేశంలో ఎక్స్ మూతబడేదాకా వెళ్లాడంటారు. పోస్టులు తీసెయ్యమని ఆదేశాలు పంపే భారత ప్రభుత్వ సహయోగ్ పోర్టల్‌ను కంపెనీ కర్ణాటక హైకోర్టులో సవాలు చేసిందని గుర్తు చేస్తారు. 2025 సెప్టెంబర్‌లో ఓడింది, నిజమే, కానీ వాదించిందిగా అంటారు. మెంఫిస్‌కు పన్నుల ఆదాయం వస్తుందని, చైనాతో పందెంలో నెలలు కూడా లెక్కేనని అంటారు. ఇవేవీ కొట్టిపారేసే మాటలు కావు. బ్రెజిల్‌లో మాత్రం నెల తిరిగేసరికి జరిమానాలు కట్టి, కోర్టు చెప్పినట్టు విని తిరిగొచ్చాడు. వేగం గురించైతే, ఆ వేగపు ఖర్చు ఎవరి ఊపిరితిత్తుల్లో జమ అవుతోందో కూడా చెప్పాలి కదా.

ఇక్కడ నాకు ఎప్పుడూ శామ్యూల్ ఇన్సల్ గుర్తొస్తాడు. (ఈ పేరెత్తితే మిత్రులు నవ్వుతారు, మళ్లీ మొదలుపెట్టావా అని.) ఎడిసన్ దగ్గర కార్యదర్శిగా చేరి, షికాగో వెళ్లి, కంపెనీ మీద కంపెనీ పేర్చి అమెరికా కరెంటులో పెద్ద వాటా గుప్పిట్లో పెట్టుకున్నాడు. ఆ కాలానికి అతను కూడా అద్భుతాలు చేసే మనిషే. 1932లో ఆ మేడ కూలింది, చిన్న మదుపుదారులు మునిగారు, ఆయన గ్రీసు పారిపోయాడు. పట్టుకొచ్చి విచారించారు, నిర్దోషిగా బయటపడ్డాడు. మనిషి తప్పించుకున్నాడు గానీ వ్యవస్థ తప్పించుకోలేదు. రూజ్వెల్ట్ ప్రభుత్వం 1933లో టెనెసీ వ్యాలీ అథారిటీని స్థాపించింది, 1934లో కమ్యూనికేషన్స్ చట్టం తెచ్చింది, 1935లో ఇలా కంపెనీల మీద పేర్చిన విద్యుత్ హోల్డింగ్ కంపెనీలను కత్తిరించే చట్టం చేసింది. మూడేళ్లలో మాట మోసే తీగ, కరెంటు మోసే తీగ రెండూ ప్రజల నిఘా కిందికి వచ్చాయి. నీ మాట నచ్చలేదని ఫోన్ కంపెనీ లైన్ కోసెయ్యకూడదు. కరెంటు కంపెనీ రేటు పెంచాలంటే బహిరంగంగా లెక్క చూపాలి.

ఆ 1935 చట్టాన్ని 2005లో రద్దు చేశారు. అప్పుడు ఎవరికీ పెద్దగా పట్టలేదు. ఇప్పుడు మాట వేదిక, ఆ మాటలు తిని పెరిగిన యంత్రం, ఆ యంత్రానికి కరెంటు పుట్టించే టర్బైను ఒకే మనిషి చేతిలో ఉన్నాయి. చట్టం మాత్రం మూడింటినీ మూడు కిటికీల దగ్గర నిలబెట్టి విడివిడిగా చూస్తోంది. వినియోగదారులు రాసినదానికి వేదిక బాధ్యత వహించక్కర్లేదని 1996 నాటి అమెరికా చట్టంలోని సెక్షన్ 230 చెబుతుంది. మరి గ్రోక్ రాసినదానికి? అక్కడ మాట్లాడింది ఎవరు? మైక్రోసాఫ్ట్ కూడా త్రీ మైల్ ఐలండ్ అణు రియాక్టర్‌ను తన కోసం మళ్లీ తెరిపించేందుకు 2024లో ఒప్పందం చేసుకుంది కాబట్టి ఈ జబ్బు ఒక్క మస్క్‌దే అనను. మూడు తీగలనూ ఒకే చేత్తో ఇంత గట్టిగా పట్టుకున్నది మాత్రం ఆయనే. మస్క్ మంచివాడా చెడ్డవాడా అని తేల్చుకునే పని మనకెందుకు? ఇన్సల్ మంచివాడని కోర్టే దాదాపు చెప్పింది. అయినా తీగను ఆయన చేతిలో ఉంచలేదు.

2025 ఏప్రిల్‌లో షెల్బీ కౌంటీ ఆరోగ్య శాఖ ఎట్టకేలకు మెంఫిస్‌లో బహిరంగ విచారణ పెట్టింది. బాక్స్‌టౌన్ జనం వచ్చి, వరసలో నిలబడి, ఒక్కొక్కరే మైకు ముందుకొచ్చి మాట్లాడారు. అప్పటికి టర్బైన్లు తిరుగుతూనే ఉన్నాయి. జూలైలో వాటిలో 15కు అనుమతి వచ్చింది.