మహారాజశ్రీ హమ్ గారికి ఒక పాత గిటార్ ఓనర్ రాయు ఉత్తరం

మహారాజశ్రీ హమ్ గారి దివ్య సముఖానికి,

ఉభయ కుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ ఇక్కడ కుశలం లేదు. తమరు మాత్రం నిక్షేపంగా ఉన్నారని శనివారం సాయంత్రం నా ఎలక్ట్రిక్ గిటార్ ఆంప్ (నాదాన్ని పెంచి వినిపించే పెట్టె) ఆన్ చేయగానే తెలిసింది. నేనింకా తీగ మీద చెయ్యి వేయనేలేదు, కరెంటు వల్ల గిటార్‌లో పుట్టే చప్పుడైన తమరే ముందుగా గుయ్‌య్‌మని పలకరించారు. ఇంత మర్యాద ఈ రోజుల్లో ఎవరికుంది?

శనివారం మధ్యాహ్నం మొత్తం తమరిని సాగనంపడానికే ఖర్చయింది. కోఠి గుజరాతీ గల్లీలో ఒక షాపాయన రాగి టేపు చుట్ట చేతిలో పెట్టి, "లోపలంతా ఇది అతికించండి సార్, హమ్ అన్న మాటే వినపడదు, గ్యారంటీ" అన్నాడు. మాట వినపడటం లేదు, నిజమే. హమ్మే వినపడుతోంది. (అక్కడ బండి పెట్టే చోటు కోసం ఎంత తిరిగానో రాయను. కోఠికి బండేసుకుని వెళ్ళినవాడిని చూసి ఎవరూ జాలిపడరు.)

ఇంటికొచ్చి పిక్‌గార్డ్ (గిటార్ ముఖం మీది పలక) స్క్రూలు పదకొండూ విప్పాను. పికప్‌లు (తీగల కదలికని కరెంటుగా మార్చే కాయిల్స్), స్విచ్, పాట్లు (వాల్యూమ్, టోన్ తిప్పేవి) అన్నీ వైర్లతో సహా పైకి తీసి, కింద ఉన్న గుంతలో రాగి టేపు అతికించడం మొదలుపెట్టాను. ఆ టేపు అంచు మహా పదును. బొటనవేలు తెగింది. మూలమూలకీ కొలిచి కత్తిరించి, పెన్సిల్ వెనకవైపుతో ముడతలు పోయేలా రుద్ది, అతుకు అతుకుకీ ఒక సోల్డర్ చుక్క పెట్టి, మల్టీమీటర్ బీప్‌మనేదాకా వదల్లేదు. పాట్ వీపు మీద ఎర్త్ వైరు అతకడం ఇంకో తంటా. ఇంట్లో ఉన్న పాతిక వాట్ల ఐరన్‌కి ఆ రేకు అంత తొందరగా వేడెక్కదు. గరుకు కాగితంతో గీకి, ఫ్లక్స్ పూసి, ఐరన్ ఆనించి, ఊపిరి బిగబట్టి కూర్చోవాలి. సోల్డర్ గుండుగా నిలబడితే అతకనట్టు, పల్చగా పరుచుకుంటే అతికినట్టు. పరుచుకుంది. అంతా బిగించాను. ప్లగ్ పెట్టాను. వాల్యూమ్ పెంచాను.

ఫ్యాన్ రెగ్యులేటర్ నుంచి వచ్చే ఆ జర్రుమనే చప్పుడు నిజంగానే పోయింది. దాని చాటున ఇన్నాళ్ళూ సగమే వినపడిన తమరు ఇప్పుడు పూర్తిగా, స్పష్టంగా వినపడ్డారు. అర్చకులు తెర తీసి దర్శనం ఇప్పించినట్టయింది.

రాగి టేపు అడ్డుకునేది విద్యుత్ క్షేత్రాన్ని. తమరు వచ్చేది అయస్కాంత క్షేత్రం దారిన. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి, గోడల్లోని వైరింగ్ నుంచి, ఆఖరికి ఆంప్ కడుపులోంచి కూడా వస్తారు. మన కరెంటు నడిచే 50 హెర్ట్జ్ దగ్గర రాగిలోకి తమరు చొచ్చుకుపోయే లోతు దాదాపు 9 మిల్లీమీటర్లు. టేపు మందం చూస్తే కాగితమంత. అంటే తమరిని ఆపడానికి గిటార్‌కి రాగి గుండిగ చేయించి అందులో కూర్చోబెట్టాలి. ఈ సంగతి షాపాయనకి తెలుసో లేదో గానీ, గ్యారంటీ అన్న మాట ఇచ్చాడే తప్ప గ్యారంటీ కార్డు మాత్రం ఇవ్వలేదు.

సరే, తమరి సీనియారిటీ కాదనలేనిది. మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లో ఒక పెద్దాయన దగ్గర ఈ గిటార్ కొన్న రోజు నుంచీ తమరు దీంట్లోనే కాపురం. మిగతావాళ్ళంతా వచ్చారు, పోయారు. ట్యూనర్లు అరిగి జారిపోతుంటే మార్చాను. తీగలు పైన ఆనే ప్లాస్టిక్ పట్టీ (నట్) పగిలితే గేదె ఎముకతో చేసినది వేయించాను. ఫ్రెట్లు గాడిపడితే అన్నీ పీకి కొత్తవి కొట్టించాను. ఒంటి రంగు పెచ్చులూడుతుంటే కార్ల డెంటింగ్ షెడ్‌లో ఇచ్చి, పాత మీగడ రంగే కావాలని నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాను. తిరిగి ఇచ్చింది చూస్తే ట్యాక్సీ తెలుపు. "మంచిగ మెరుస్తుంది కదన్నా" అన్నాడు షెడ్ ఆయన. మెరుస్తుంది. అదే బాధ.

నెక్ సంగతి ఇంకా గొప్పది. ఒక వానాకాలం తర్వాత పాత నెక్ మెలి తిరిగింది. నెక్ లోపలుండే కడ్డీ, ట్రస్ రాడ్, తిప్పితే వంపు సరిచేయొచ్చు, మెలిని ఏమీ చేయలేం. కొత్తది విదేశం నుంచి తెప్పించాను. దాని ఫింగర్‌బోర్డ్ ఇండియన్ రోజ్‌వుడ్, అంటే మన జిట్రేగి! బ్రెజిల్ రోజ్‌వుడ్ దొరకడం కష్టమయ్యాక, 1960ల చివరినుంచీ అమెరికా గిటార్ కంపెనీల చూపు మన దక్షిణాది చెక్క మీద పడింది. మన చెట్టే సముద్రం దాటి వెళ్ళి, నెక్ అయ్యి, ఫారిన్ సరుకుగా తిరిగొస్తే దాని మీద నేను సుంకం కట్టాను.

నాబ్‌ల గురించి ఒక్క ముక్క. ఇక్కడ దొరికిన పాట్ షాఫ్ట్ 6 మిల్లీమీటర్లు, నా పాత నాబ్ రంధ్రం పావు అంగుళం, అంటే 6.35. ఆ 0.35 తేడాని ప్లంబర్ టేపు చుట్టి పూడ్చాను. ఇప్పటికీ వాల్యూమ్ తిప్పితే టోన్ నాబ్ ఊడి పడుతుంది, ఎందుకో అడక్కండి.

ఈ మొత్తం భాగోతంలో నేను దండం పెట్టుకునేది ఒక్కరికే, ఫ్యాన్లకు వైండింగ్ చేసే ఆయనకి. నెక్ పికప్ చచ్చిపోతే తీసుకెళ్ళి చూపించాను. తలవెంట్రుక కంటే సన్నని 42 గేజ్ రాగి తీగ, సుమారు ఎనిమిది వేల చుట్లు. తీగని వెలుతురుకి అడ్డంగా పట్టుకుని, "గిది తీగనా, సాలెగూడా?" అన్నాడు. వద్దంటాడనుకున్నాను. అక్కడ పెట్టి పొమ్మన్నాడు. రెండు మూడు సార్లు తెగిందట, మళ్ళీ మొదటినుంచీ చుట్టాడట. డబ్బులు ఫ్యాన్ రేటే తీసుకున్నాడు. ఆ పికప్ ఇప్పుడు మిగతా రెండింటి కంటే కాస్త గట్టిగానే పలుకుతుంది. తమరిని కూడా కాస్త గట్టిగానే పలికిస్తుంది, అది వేరే సంగతి.

కొన్న రేటు కంటే రిపేర్ల ఖర్చు ఎక్కువైనప్పుడు మా నాన్న "చారాణా కోడికి బారాణా మసాలా" అనేవారు. ఈమధ్య అనడం మానేశారు. అసలు కోడి ఎక్కడుందో కనపడట్లేదట. నాకు కనపడుతుంది నాన్నా. చెక్క ఉంది, చెక్కలో హమ్ గారున్నారు.

ఎర్తింగ్ చూపించమని సలహా ఇచ్చినవాళ్ళున్నారు. మా ఓనర్ అంకుల్‌ని అడిగితే, "మూడు పిన్నుల సాకెట్ ఉంది కదా బాబూ" అన్నారు. సాకెట్‌కి మూడు రంధ్రాలున్న మాట నిజం. మూడో దాని వెనక వైరు ఉందా అన్నది నా ప్రశ్న. ఎలక్ట్రీషియన్ వచ్చాడు. నూరు వాట్ల బల్బు హోల్డర్‌కి రెండు వైర్లు కట్టి, ఒకటి ఫేజులో, ఇంకోటి ఎర్త్‌లో పెట్టాడు. బల్బు మిణుకుమంది. "ఎర్త్ వీకున్నదన్నా. గిన్నేండ్ల సంది ఎవ్వలన్న షాక్ కొట్టిందన్నరా? లేదు గదా. మరి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. పెరట్లో ఎర్త్ పైపు కోసం వెతికి, ఉప్పూ బొగ్గూ వేసిన ఆ గుంతని కనిపెట్టి, ఎండాకాలమంతా బకెట్లతో నీళ్ళు పోశాను. పక్కింటి ఆంటీ రెండో వారం వచ్చి, ఏం మొక్క నాటావని అడిగింది. తమరు తగ్గారా? కాస్త తగ్గారు. వర్షాకాలంలో ఇంకాస్త తగ్గారు. ఫిబ్రవరికి మళ్ళీ పుంజుకున్నారు.

ఇంకొకాయన ఆంప్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ను విరిచేయమన్నాడు. ఆంప్‌లో ఎప్పుడైనా లోపమొస్తే కరెంటు సరాసరి తీగల్లోకి, అక్కణ్ణుంచి వాయించేవాడి వేళ్ళలోకి వస్తుంది. ఆ సలహా ఇచ్చినవాడికి దూరం నుంచే నమస్కారం.

మీకు మందు లేక కాదు, ఉంది. 1955లో గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ అనే ఇంజనీరు రెండు కాయిల్స్ పక్కపక్కన పెట్టి, చుట్లూ అయస్కాంతాలూ ఒకదానికొకటి వ్యతిరేక దిశలో ఉండేలా చేసి పేటెంట్‌కి దరఖాస్తు పెట్టాడు. తీగల నాదం కలుస్తుంది, మీరు మీతో మీరే కొట్టుకుని చస్తారు. హంబకర్ అంటారు దాన్ని. వేయించుకోమని అందరూ చెప్పారు. వేయించుకుంటే ఆ సౌండ్ పోతుంది కదండీ! నెక్ పికప్ మీద మూడో తీగ మెల్లగా మీటితే వచ్చే ఆ గాజు గలగల, దాని కోసమే కదా ఇన్నేళ్ళు ఈ చెక్కకి చాకిరీ చేసింది! మీకు తెలుసు. అది తెలిసే ఇంత ధీమా.

మీరు రాని చోట్లు రెండున్నాయి. 1954లో ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్ (నాదీ ఆ రకం గిటారే) వచ్చినప్పుడు, ఏ పికప్ పలకాలో ఎంచే స్విచ్‌కి మూడే గళ్ళు. వాయించేవాళ్ళు దాన్ని రెండు గళ్ళ మధ్యన ఇరికించి కొత్త సౌండ్ లాగుతుంటే, చూసీ చూసీ కంపెనీయే 1977లో అయిదు గళ్ళ స్విచ్ పెట్టింది. నా మధ్య పికప్ ఎదురు చుట్టు చుట్టినది కాబట్టి, రెండేసి పికప్‌లు కలిసి పలికే రెండో గడిలో, నాలుగో గడిలో నువ్వుండవు. ఒకటి, మూడు, అయిదులో ఉంటావు. పాట మధ్యలో స్విచ్ మార్చిన ప్రతిసారీ నువ్వు లేచి నిలబడతావు. తీగల మీద చెయ్యి ఉన్నంతసేపు కాస్త అణిగి ఉంటావు. పాట అయిపోయి, చెయ్యి తీసి, మా సింగర్ మైకు అందుకుని "ఈ పాట మా అమ్మకి" అనబోయే సరికి, గుయ్‌య్!

పోయిన నెల ప్రోగ్రామ్‌లో అదే చేశావు. నేను కుడికి తిరిగితే పెరుగుతావు, ఎడమకి తిరిగితే తగ్గుతావు. స్టేజీ మీద నువ్వు పూర్తిగా మాయమయ్యే దిక్కు ఒకే ఒక్కటి దొరికింది. అది వెనక గోడ. రెండు గంటలు జనానికి వీపు చూపించి వాయించాను. "అన్నకు మస్తు యాటిట్యూడ్" అన్నాడు ముందు వరసలో ఒకడు. యాటిట్యూడ్ కాదురా బాబూ, ట్రాన్స్‌ఫార్మర్!

అసలు నీ శ్రుతి అయినా సరిగ్గా ఉందా? అదే నా అసలు కోపం. ఉంటే తంబూరా అనుకుని సర్దుకుపోయేవాణ్ణి. నీ 50కి రెట్టింపు 100 హెర్ట్జ్, అదే గట్టిగా వినపడేది. గిటార్‌లో జి స్వరం 98. అంటే అటు జి కాదు, ఇటు దాని పై స్వరమూ కాదు. జిలో పాట ఎత్తుకుంటే పక్కనే కూర్చుని తప్పు శ్రుతి పాడతావు. పోనీ ఊరు మారితే మారతావా అంటే, 2013 డిసెంబరు 31న రాయచూర్–షోలాపూర్ లైనుతో దక్షిణాది కరెంటు గ్రిడ్ వెళ్ళి దేశ గ్రిడ్‌లో కలిసింది. అప్పటినుంచీ నువ్వు ఆలిండియా ఆర్టిస్టువి. హైదరాబాద్‌లోనూ, గువాహటిలోనూ, లూధియానాలోనూ ఒకటే తప్పు శ్రుతి. దేశం మొత్తాన్ని ఇంత కచ్చితంగా ఒక్క తాటిమీద నడిపించగలిగినవాడివి, ఒక్క రెండు హెర్ట్జ్ దిగలేవా? ఏం పోతుంది నీ సొమ్ము? చిన్న చిన్న ముక్కలన్నీ మార్చాను, డబ్బులు పోశాను, వేలు కోసుకున్నాను, నీళ్ళు మోశాను. నువ్వు మాత్రం ఇంచు కదలవు. సిగ్గుండాలి రా.

కరెంటు పోతే పోతావు. అప్పుడు ఆంప్ కూడా పోతుంది. ఇన్వర్టర్ మీద వాయిద్దామంటే, మాది చవకరకం స్క్వేర్ వేవ్, అప్పుడు నువ్వు గుయ్‌మనవు, కీచుమంటావు. పాత గుయ్‌యే నయమనిపిస్తావు. అది కూడా నీ పన్నాగమే అయ్యుంటుంది.

వచ్చే శనివారం మళ్ళీ ప్రోగ్రామ్ ఉంది. ఈసారి జనానికి వీపు చూపించే ఉద్దేశం నాకు లేదు. నువ్వు దిగనంటున్నావు కాబట్టి మేమే ఎక్కుతున్నాం. ఎ స్వరాన్ని మామూలుగా అందరూ పెట్టే 440 దగ్గర కాకుండా 449 దగ్గర పెట్టి గిటార్ శ్రుతి చేశాను, జి వెళ్ళి నీ నూరు మీద కూర్చుంది. బేస్ తమ్ముడు తిట్టుకుంటూనే ఒప్పుకున్నాడు. కీబోర్డ్ అబ్బాయి నిన్న రాత్రి ఫోన్ చేసి, "449 ఏందన్నా, ఏ దేశం శ్రుతి ఇది?" అన్నాడు. మన దేశందే, ప్లగ్గులోంచి వస్తది, చెవి పెట్టి విను అని చెప్పాను.

ఇట్లు,
శనివారం పూట జి మేజర్‌లో నీ పక్కన వాయించబోయేవాడు

తా.క.: టోన్ నాబ్ మళ్ళీ ఊడింది. సోఫా కింద ఎక్కడో ఉంది. దాంట్లో నీ చెయ్యి లేదని తెలుసు, అయినా నిన్నే తిట్టుకున్నాను.