అడ్మినిస్ట్రేటర్ గారిని సంప్రదించండి

రూటర్ పక్కన నాస్ అనే ఒక నల్ల పెట్టె ఉంటుంది, ఇంటి నెట్‌వర్క్‌లో అందరి ఫైళ్లూ దాచే పెట్టె. పచ్చ లైట్లు మిణుకుమిణుకుమంటుంటాయి. ఇంటిల్లిపాది ఫోటోలు, వీడియోలు, స్కాన్ చేసిన కాగితాలు అన్నీ అందులోనే. దానికి నాలుగడుగుల దూరంలో ఉన్న కంప్యూటర్ మాత్రం అలాంటి పెట్టె ఈ లోకంలోనే లేదంటుంది. చాలామంది దీన్ని ఒక సమస్య అనుకుని పొద్దుపోయేదాకా కేబుళ్లు పీకి పెడుతున్నారు, రూటర్ ఆపి వేస్తున్నారు, కంప్యూటర్‌ను నోటికొచ్చినట్టు తిడుతున్నారు. ఇది అన్యాయం. కంప్యూటర్ తరఫున మాట్లాడేవారు ఒక్కరైనా ఉండాలి కదా అని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మొదట దాని ఓపిక సంగతి చెప్పాలి. పెట్టె పేరు కొట్టి ఎంటర్ నొక్కగానే విండోస్ మొహం మీద ‘లేదు’ అనదు. అడ్రస్ బార్‌లో ఆకుపచ్చ గీత ఒకటి ఎడమ నుంచి కుడికి పాకడం మొదలుపెడుతుంది. సగం దాకా చకచకా వెళ్తుంది. ఆ తర్వాత ఆలోచనలో పడుతుంది. చివరి అంగుళంలో నడక ఇంకా నెమ్మదించి, మనకు బాగా ఆశ పుట్టాక అప్పుడు చెబుతుంది, నెట్‌వర్క్ పాత్ దొరకలేదని. పక్కనే ఎర్రర్ కోడ్ 80070035. ఇంత పొడుగు నంబర్ చూసి కంగారు పడనక్కర్లేదు. హెక్సాడెసిమల్ అనే పదహారు అంకెల లెక్కలో ఉన్న ఆ చివరి 35ను మామూలు అంకెల్లోకి మారిస్తే 53 అవుతుంది. కమాండ్ ప్రాంప్ట్ వాడేవాళ్లకు ఎప్పటినుంచో తెలిసిన ‘సిస్టమ్ ఎర్రర్ 53’ ఇదే. కాలంతో పాటు సమాచారం ఏమీ పెరగలేదు, అంకెలు పెరిగాయి.

ఆ సందేశంలోనే ఒక సలహా కూడా ఉంటుంది: పేరులో స్పెల్లింగ్ సరిచూసుకోండి. మొదటి అనుమానం మన మీదే అన్నమాట. స్పెల్లింగ్ సరిగ్గానే ఉందని మొండికేస్తే డయాగ్నోజ్ బటన్ ఉంది. దాన్ని నొక్కితే ట్రబుల్‌షూటర్ వారు విచారణ చేపడతారు. కాసేపు చుక్కలు తిరుగుతాయి. చివరికి తేలేదేమంటే, సమస్య ఏమిటో గుర్తించలేకపోయారు. నివేదిక వివరంగా కావాలంటే చూడొచ్చు. అందులో కూడా అదే ఉంటుంది, కాస్త పెద్దగా.

ఇవన్నీ తట్టుకుని ముందుకెళ్లినవారికి అసలు సిసలైన సందేశం దక్కుతుంది. ‘ఈ నెట్‌వర్క్ వనరును వాడే అనుమతి మీకు లేకపోవచ్చు. అనుమతి ఉందో లేదో తెలుసుకోవడానికి ఈ సర్వర్ అడ్మినిస్ట్రేటర్‌ను సంప్రదించండి.’ ఆఫీసులో అయితే అడ్మినిస్ట్రేటర్ అనే మనిషి ఉంటాడు. ఫోన్ ఎత్తడు, అది వేరే విషయం, కానీ ఉంటాడు. ఇంట్లో ఆ పదవి ఎవరిది? పెట్టె కొని, సెటప్ చేసి, ‘అంతా అయిపోయింది, ఇక చూసుకోనక్కర్లేదు’ అని ప్రకటించినవారిది. వారే ఇప్పుడు తెర ముందు కూర్చుని ఆ సందేశం చదువుతున్నారు. అర్జీదారు, విచారణాధికారి, అసలు ముద్దాయి ముగ్గురూ ఒకే కుర్చీలో, ఒకే బనియన్‌లో కూర్చున్నారు.

అయినా పద్ధతి పద్ధతే. కంప్యూటర్ అడ్మినిస్ట్రేటర్‌ను సంప్రదించమంది కాబట్టి సంప్రదించాలి. అర్జీ నమూనా: ‘ఆర్యా, తమరి ఆధ్వర్యంలోని పెట్టెలో నా ఫోటోలు నాకు కనిపించుట లేదు. దయతో అనుమతి ఇప్పించగలరు.’ దీనికి అడ్మినిస్ట్రేటర్ వారి సమాధానం: ‘తమరి అర్జీ అందినది. పరిశీలించగా, తమకు అనుమతి ఇచ్చినట్టే ఈ కార్యాలయానికి గుర్తున్నది. అయితే ఏ పాస్‌వర్డ్‌తో ఇచ్చినదీ గుర్తు లేదు. కావున తమరే గుర్తు చేసుకుని తెలియజేయగలరు.’ ఇద్దరూ మర్యాదస్తులే కాబట్టి ఈ ఉత్తర ప్రత్యుత్తరాలు ఎన్నాళ్లయినా సాగొచ్చు.

పాస్‌వర్డ్ దగ్గరే అసలు రాజకీయం ఉంది. కంప్యూటర్ తెరవడానికి రోజూ నాలుగంకెల పిన్ కొడతారు. ఆ పిన్ ఆ కంప్యూటర్ గడప దాటితే చెల్లదు. మైక్రోసాఫ్ట్ అకౌంట్ పాస్‌వర్డ్ కొడితే పెట్టె దాన్నీ ఎరగదు. దానికి కావలసింది దానిలోనే తయారుచేసిన యూజర్ నేమ్, దానికి పెట్టిన పాస్‌వర్డ్. సరే, అది గుర్తొచ్చిందనుకుందాం. ఇక్కడ క్రెడెన్షియల్ మేనేజర్ అనే గుమాస్తా రంగప్రవేశం చేస్తాడు. ఒకప్పటి పాస్‌వర్డ్‌ను భద్రంగా దాచి, మీరు పెట్టెలో దాన్ని మార్చిన తర్వాత కూడా మీ పేరు మీద ప్రతిసారీ పాతదాన్నే సమర్పిస్తుంటాడు. ఇంతటి విధేయత ఈ రోజుల్లో దొరకదు. కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్లి ఆ పాత చీటీ చింపితే తప్ప ఆయన మాట వినడు.

పోనీ వేరే యూజర్ నేమ్‌తో వెళ్దామంటే 1219 నంబర్ ఎర్రర్ వస్తుంది. ఒకే మనిషి ఒకే సర్వర్ దగ్గరకు రెండు పేర్లతో వెళ్లకూడదట. నియమం చూస్తే కఠినంగానే ఉంది. కానీ అదే పెట్టెను పేరుతో కాకుండా నెట్‌వర్క్‌లో దానికున్న నంబర్‌తో, అంటే ఐపీ అడ్రస్‌తో పిలిస్తే విండోస్ దాన్ని మరో సర్వర్ అనుకుని సాదరంగా లోపలికి పంపుతుంది. చట్టం ఎంత బలమైనదో దాని సందు కూడా అంత వెడల్పుగా ఉంది. నిపుణులు సైతం దర్జాగా ఈ సందులోంచే రాకపోకలు సాగిస్తున్నారు.

‘టీవీలో వస్తున్నాయి కదా నాన్నా, కంప్యూటర్‌లో ఎందుకు రావు?’ అని ఇంట్లో ఓ చిన్న గొంతు అడుగుతుంది. నిజమే, అదే పెట్టెలోని అవే వీడియోలను టీవీ నిక్షేపంగా ఆడిస్తోంది. టీవీ వెళ్లేది డీఎల్ఎన్ఏ అనే వేరే దారిలో. అక్కడ పాస్‌వర్డ్ అడిగే అలవాటు లేదు. కంప్యూటర్ వెళ్లేది ఫైళ్లు పంచుకోవడానికి వాడే ఎస్ఎంబీ దారిలో, 445వ పోర్టు అనే తలుపు గుండా. పింగ్ చేసి, అంటే ‘ఉన్నావా’ అని ఓ కేక వేసి చూస్తే పెట్టె బతికే ఉందని తెలుస్తుంది, 445 తెరిచి ఉందని తెలియదు. పింగ్‌కు జవాబొచ్చింది కాబట్టి నెట్‌వర్క్ బాగుందని సంబరపడేవాళ్లు ఈ తేడా తెలుసుకోవాలి. ఇదంతా విన్నాక పిల్లలు టీవీలోనే చూసుకుంటామంటారు. ఇంట్లో అంతకన్నా తెలివైన నిర్ణయం ఆ రోజుకు మరొకటి జరగదు.

ఇప్పుడు నాకెంతో ఇష్టమైన సందేశం. ‘మీ సంస్థ భద్రతా విధానాలు పాస్‌వర్డ్ లేని గెస్ట్ ప్రవేశాన్ని అడ్డుకుంటున్నాయి కాబట్టి ఈ ఫోల్డర్‌ను మీరు తెరవలేరు.’ సంస్థ! టీవీ రిమోట్ ఎవరి దగ్గర ఉండాలన్న అంశం మీదే ఇంతవరకు ఏకాభిప్రాయానికి రాని సంస్థ, గెస్ట్ ప్రవేశం మీద ఎప్పుడు తీర్మానం చేసిందో సభ్యుల్లో ఒక్కరికీ తెలియదు. తీర్మానం నిజానికి అప్‌డేట్‌తో పాటు వచ్చింది. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2లో ప్రో ఎడిషన్‌కు కూడా గెస్ట్ దారి మూసేశారు, ఎస్ఎంబీ సంతకం, అంటే వచ్చిన సందేశం అసలుదేనని రుజువు చేసే డిజిటల్ ముద్ర, తప్పనిసరి చేశారు. పాస్‌వర్డ్ లేని గెస్ట్‌కు సంతకం పెట్టే వీలే లేదు. నిన్నటిదాకా ఏ పాస్‌వర్డూ అడగకుండా తెరుచుకున్న పెట్టె రాత్రికి రాత్రి పరాయిదైపోయిందంటే కారణం చాలాసార్లు ఇదే.

పాత పెట్టెలకు ఇంకో చిక్కు ఉంది. వాటికి ఎస్ఎంబీ మొదటి వెర్షన్ ఒక్కటే వచ్చు. ఈ ప్రోటోకాల్ 1980లలో ఐబీఎంలో పుట్టింది. 2017 మే నెలలో వనాక్రై అనే రాన్సమ్‌వేర్ సరిగ్గా ఈ మొదటి వెర్షన్‌లోని లోపం పట్టుకునే సుమారు 150 దేశాల్లో కంప్యూటర్లకు తాళాలేసి డబ్బులడిగింది. బ్రిటన్‌లో చాలా ఆసుపత్రుల పని కుంటుపడింది. లోపాన్ని సరిచేసే అప్‌డేట్ అప్పటికి రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చింది, వేసుకోనివాళ్లు వేసుకోలేదు. ఆ ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి మైక్రోసాఫ్ట్ ఈ మొదటి వెర్షన్‌ను సాగనంపడం మొదలుపెట్టింది. 15 రోజులు ఎవరూ వాడకపోతే తనంతట తనే తొలగిపోయే ఏర్పాటు కూడా చేసింది. ఇంత జరిగాక, పెట్టె కనబడటం లేదని మొరపెట్టుకునేవారికి తెలిసినవాళ్లు ఇచ్చే మొదటి సలహా ఏమిటో తెలుసా? ఎస్ఎంబీ మొదటి వెర్షన్ మళ్లీ ఆన్ చేసుకోమని. తాళంచెవి దొరకలేదని తలుపే పీకి పక్కన పెట్టుకోమన్నట్టుంది. పనిచేస్తుంది కాబట్టి ఈ సలహాకు ఆదరణ తగ్గడం లేదు. పెట్టె సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసి రెండో వెర్షనో మూడోదో ఆన్ చేయొచ్చు కదా అని ఎవరైనా అంటే వాళ్లను చాదస్తుల కింద జమ కడతారు.

మిగతా కారణాలు చిల్లరవి. రూటర్ మారిస్తే కంప్యూటర్ సొంతింటిని పబ్లిక్ నెట్‌వర్క్‌గా ప్రకటించి తలుపులు బిగించుకుంటుంది. దానికి ప్రైవేట్ అని ఎవరో ఒకరు చెప్పాలి. కంప్యూటర్ గెస్ట్ వైఫైలో ఉంటే ఇంట్లో మిగతా సరుకు కనిపించదు, ఆ వైఫై పెట్టిందే అందుకు. కరెంటు పోయొచ్చాక రూటర్ పెట్టెకు కొత్త ఐపీ అడ్రస్ ఇచ్చి ఉండొచ్చు. ఒకే అడ్రస్ రిజర్వ్ చేసే సౌకర్యం రూటర్‌లోనే ఉంది, రూటర్ పాస్‌వర్డ్ తెలిసినవారికి. ఇక డ్రైవ్ మీద ఎర్ర ఇంటూ గుర్తు ఉన్నంత మాత్రాన అది పోయినట్టు కాదు. వైఫై అందుకోకముందే విండోస్ ఆ గుర్తు వేసేసి ఉంటుంది. డబుల్ క్లిక్ చేస్తే చాలాసార్లు ఏమీ జరగనట్టే తెరుచుకుంటుంది.

కంప్యూటర్ తరఫున నా ఆఖరి వాదన, దీనికి మాత్రం ఎదురు లేదనుకుంటున్నాను. రాన్సమ్‌వేర్ కంప్యూటర్‌లోకి దిగితే దానికి కనిపించే నెట్‌వర్క్ డ్రైవ్‌లను కూడా వదలదు. పెట్టె దొరకని కంప్యూటర్ ద్వారా దొంగ కూడా పెట్టెను చేరుకోలేడు. ఇంత పకడ్బందీ భద్రత డబ్బు పెట్టినా రాదు. రోజూ రాత్రి బ్యాకప్ వెళ్లాల్సింది కూడా ఆ దారినే కదా అని కొందరు గిట్టనివాళ్లు అడగొచ్చు. అవును, ఆ దారినే. బ్యాకప్ ప్రోగ్రామ్ వేళ తప్పకుండా లేచి, పెట్టె కోసం వెతికి, దొరక్క, ఆ సంగతి లాగ్‌లో రాసుకుని పడుకుంటోంది. ఆ లాగ్ ఒకసారి తీసి చూడండి. అది పెట్టెలో కాదు, ఈ కంప్యూటర్‌లోనే ఉంటుంది, ఒక్క క్లిక్‌కే తెరుచుకుంటుంది.